190 కొట్టినా ఓటమేనా?

ప్రశ్న: ఈమధ్యే టెన్‌పిన్ బౌలింగ్ లీగ్‌లో చేరాను. మొన్న నేను 190 కొట్టాను, ఎదుటాయన 151. అయినా ఆయనే గెలిచారన్నారు! అదేమిటంటే హ్యాండిక్యాప్ అట, అంటే సగటును బట్టి స్కోరుకు కలిపే అదనపు పిన్నులట. నా సగటు 187, ఆయనది 142. మా లీగ్‌లో ‘220కి 90 శాతం’ పద్ధతి. ఆఖరి వంతైన పదో ఫ్రేములో మూలనున్న ఒక్క పిన్ను మిగిలిపోయిందని అసలే బాధలో ఉంటే, పైన ఇదొకటి. ఇదేం న్యాయమండీ? ఎవరైనా కావాలనే సగటు తగ్గించుకుంటే ఏం చేస్తారు?

జవాబు: లీగ్‌లో స్కోర్లు రాసే పని నెత్తినేసుకున్న నాలాంటి వాళ్లకు ఈ గొడవ కొత్త కాదు. ‘220కి 90 శాతం’ అన్న మాటే సగం మందిని తికమకపెడుతుంది. 220లో 90 శాతం తీయకూడదు. 220లోంచి మీ సగటు తీసేసి, మిగిలినదానికి 90 శాతం కట్టాలి. మీకు 33 మిగులుతుంది, అందులో 90 శాతం 29.7. చిల్లర వదిలేస్తే 29. ఆయనకు 78 మిగులుతుంది, 70.2 వస్తుంది, అంటే 70. ఇప్పుడు కూడండి. మీది 219, ఆయనది 221.

చిల్లర వదిలేయడం దగ్గర నేనూ దెబ్బతిన్నాను. ఒకసారి నా సగటు 163.8 వస్తే, దర్జాగా 164 అని రాసుకున్నాను. 163 అని రాస్తే హ్యాండిక్యాప్ 51 వచ్చేది, 164కి 50 వచ్చింది. ఆ ఆట మేం ఒక్క పిన్నుతో ఓడిపోయాం. మా జట్టువాళ్లు ఇప్పటికీ దెప్పుతారు.

ఇక న్యాయం సంగతి. మీరిద్దరూ సరిగ్గా మీ మీ సగటు కొట్టారనుకోండి. మీకు 216, ఆయనకు 212. అంటే ఆట మొదలవకముందే 4 పిన్నుల మొగ్గు మీకే ఉంది. నూటికి నూరు శాతం ఇస్తే ఇద్దరికీ 220 వచ్చేది. ఆ పది శాతం కోత బాగా ఆడేవాళ్లకు దక్కే మర్యాద. మొన్న ఆయన తన సగటు కంటే 9 ఎక్కువ కొట్టారు, మీరు 3 ఎక్కువ. ఆయన మీ 4 పిన్నుల మొగ్గునూ దాటేశారు. అదే మీ లీగ్‌లో 80 శాతం పద్ధతి ఉండుంటే మీకు 216, ఆయనకు 213 వచ్చి మీరే గెలిచేవారు. కాబట్టి పోట్లాడాలనుకుంటే ఆయనతో కాదు, సీజన్ మొదలయ్యే ముందు లీగ్ సమావేశంలో శాతం గురించి పోట్లాడండి.

కావాలని తక్కువ కొట్టడాన్ని శాండ్‌బ్యాగింగ్ అంటారు. అది మోసమే, రుజువైతే చర్య తప్పదు. అయితే రుజువు చేయడమే కష్టం. నేను మాత్రం గెలుపు ఖాయమయ్యాక ఒక్కసారిగా బంతిని గట్టర్‌లోకి, అంటే పక్కనుండే కాలువలోకి వేయడం మొదలెట్టేవాళ్ల మీద ఓ కన్నేసి ఉంచుతాను. మీ ఎదుటాయన మీద మాత్రం ఒక్క ఆట చూసి అనుమానపడకండి. సగటు కంటే 9 ఎక్కువ రావడం రోజూ జరిగేదే.

ఆ మూల పిన్ను సంగతి చెప్పకూడదనుకున్నాను గానీ, అడిగారు కాబట్టి చెబుతున్నాను. అది కూడా పడి స్పేర్ (రెండు బంతుల్లో పిన్నులన్నీ పడటం) అయ్యుంటే, ఆ ఒక్క పిన్నుతో పాటు ఇంకో బంతి వచ్చేది. దానికి రెండంటే రెండు పిన్నులు పడినా మీది 222.