ఐటీ బృందంలో కొత్త ఆలోచనలు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: నెల్లూరులో మాకు రొయ్యల కొనుగోలు, ప్రాసెసింగ్, ఎగుమతి వ్యాపారం ఉంది. సాఫ్ట్‌వేర్, నెట్‌వర్క్ పనులు చూసుకోవడానికి ఏడుగురు ఉద్యోగులున్నారు. అప్పగించిన పని చక్కగా చేస్తారు గాని, ఫలానాది ఇలా మారిస్తే బాగుంటుందని తమంతట తాముగా ఒక్కరూ చెప్పరు. సలహాల పెట్టె పెట్టి, బహుమతి కూడా ప్రకటించాను. మొదటి నెలలో నాలుగైదు చీటీలు వచ్చి, తరువాత ఆగిపోయాయి. సమావేశంలో అడిగితే అందరూ మౌనంగా ఉంటారు. మనుషులను మార్చడం తప్ప వేరే మార్గం లేదా?
— ఒక పాఠకుడు, నెల్లూరు

సమాధానం: మనుషులను మార్చవలసిన అవసరం మీ ఉత్తరంలో నాకు కనిపించలేదు. మొదటి నెలలో వచ్చిన ఆ నాలుగైదు చీటీలు ఏమయ్యాయో మీరు రాయలేదు. చిక్కంతా అక్కడే ఉన్నదని నా అభిప్రాయం. సలహా ఇచ్చిన వ్యక్తికి వారం పది రోజులలో ‘చేద్దాం’ అనో, ‘ఈ కారణం వల్ల ఇప్పుడు కుదరదు’ అనో స్పష్టమైన జవాబు అందకపోతే, మిగిలినవారు దానిని గమనించి, చెప్పినా చెప్పకపోయినా ఒకటేనన్న నిర్ణయానికి వస్తారు. ఆ తరువాత బహుమతి ఎంత పెంచినా పెట్టె నిండదు.

జపాన్‌లోని కార్ల తయారీ సంస్థ టయోటా 1951లో ఉద్యోగుల సలహాల పద్ధతిని ప్రారంభించి, దశాబ్దాల తరబడి నిలబెట్టుకున్నది. ఆ సంస్థ కర్మాగారాలలో, నడుస్తున్న ఉత్పత్తి లైనులో లోపం కనిపిస్తే తాడు లాగో, మీట నొక్కో పై అధికారిని పిలిచే హక్కు మామూలు కార్మికుడికి ఉంటుంది. అవసరమైతే లైనే ఆగిపోతుంది. మీ సంస్థలో ఎగుమతి పత్రాలు తయారవుతున్నప్పుడు లెక్క తప్పుతున్నదని రాత్రి పూట గమనించిన చిన్న ఉద్యోగి, ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడకుండా ఆ పనిని ఆపి మీకు ఫోను చేయగలడా? చేస్తే, మీ నోటి నుంచి వచ్చే మొదటి మాట ఏమిటి? కొత్త ఆలోచన చెప్పడానికి కావలసిన ధైర్యమూ, తప్పును బయటపెట్టడానికి కావలసిన ధైర్యమూ వేరు వేరు కావు. ఒకదానిని గద్దించి అణచివేసిన చోట రెండవది పుట్టదు.

ఈ విషయంలో హార్వర్డ్ ఆచార్యురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ పరిశోధన మీవంటి యజమానులు తప్పక తెలుసుకోదగినది. ఆసుపత్రులలో మందులు ఇచ్చేటప్పుడు జరిగే పొరపాట్లను ఆమె అధ్యయనం చేసి 1996లో ప్రచురించారు. మంచి నాయకత్వం ఉన్న విభాగాలలో పొరపాట్లు తక్కువగా నమోదవుతాయని అనుకుంటే, ఎక్కువగా నమోదైనట్లు తేలింది. అక్కడివారు పొరపాట్లను దాచకుండా చెప్పుకోగలుగుతున్నారన్నది ఆమె ఇచ్చిన వివరణ. కాబట్టి రాబోయే రోజులలో మీ బృందం నుంచి లోపాల గురించిన కబురులు పెరిగితే కంగారు పడకండి. నోళ్లు తెరుచుకుంటున్నాయనడానికి అది గుర్తు కావచ్చు.

ఇక రెండవ సంగతి. మీ ఏడుగురిలో ఎందరు రొయ్యల గుంతల దగ్గర పట్టుబడిని, అంటే పెరిగిన రొయ్యలను పట్టడాన్ని, కళ్లారా చూశారు? తెల్లవారుజామున గట్టు మీద తడి చేతులతో, చాలీచాలని వెలుతురులో కౌంటు తీసి, కాటా వేసి, ఐసు వేసి లారీకి ఎక్కించే హడావుడిలో సెల్‌ఫోనులో పది గడులు నింపమంటే ఎవరూ నింపరు. కాగితం మీద గీసుకొని, మధ్యాహ్నం తీరికగా ఎక్కిస్తారు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న కౌంటును బట్టే ధర ఉంటుంది కనుక, ఆ ఆలస్యంలో దొర్లే ఒక్క అంకె రైతుకూ మీకూ మధ్య తగాదా తెస్తుంది. ఈ సంగతి ఏసీ గదిలో కూర్చున్న ప్రోగ్రామర్‌కు ఎవరు చెబుతారు? విడవలూరు వైపో, ముత్తుకూరు వైపో మీరు కొనుగోలు చేసే చోటికి నెలకు ఒకసారి ఇద్దరిద్దరిని పంపండి. వచ్చాక నివేదిక అడగవద్దు. అక్కడ చూసిన ఇబ్బందులలో ఒకటి ఎంచుకొని సరిచేయమనండి, చాలు. కొత్త ఆలోచనలు ఇవ్వండని అడగడం కన్నా, పరిష్కరించదగిన ఇబ్బందిని చూపించడం వల్ల ఎక్కువ ఫలితం ఉంటుంది.

సమయం కూడా ఇవ్వాలి. అమెరికాలోని 3ఎం సంస్థ తన సాంకేతిక సిబ్బందికి 15 శాతం పని సమయాన్ని సొంత ఆలోచనల మీద వెచ్చించే వీలు కల్పించింది. అక్కడ 1968లో తయారైన బలహీనమైన జిగురుకు 1974 దాకా తగిన ఉపయోగం తోచలేదు. దానితో చేసిన పోస్ట్-ఇట్ కాగితాలు (అంటించి, మళ్లీ తేలికగా తీసేయగలిగే చిన్న చీటీలు) అమెరికా అంతటా అమ్మకానికి వచ్చినది 1980లో. ఏడుగురున్న బృందానికి 15 శాతం భారమనిపిస్తే, పట్టుబడులు ముమ్మరంగా లేని నెలలలో పదిహేను రోజులకు ఒక పూట కేటాయించండి. అయితే ఆ పూట అత్యవసర పని పేరుతో లాక్కోవద్దు. రెండుసార్లు లాక్కుంటే మూడవసారి ఎవరూ ఆ సమయాన్ని నమ్ముకోరు.

ప్రశ్న: చీమకుర్తిలో మాది గ్రానైట్ వ్యాపారం. మా కుర్రవాడొకడు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఏదో మెరుగు చేయబోతే అది ఆగిపోయి, ఒక పూటంతా లోడులు కదలలేదు. ఊరుకుంటే అలుసవుతుంది, శిక్షిస్తే ఇకపై ఎవరూ కొత్తది ప్రయత్నించరు. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, ఒంగోలు

సమాధానం: ఊరుకోవద్దు, శిక్షించనూ వద్దు. ఆ అబ్బాయితో సహా సంబంధించిన వారినందరినీ కూర్చోబెట్టి, ఏ గంటకు ఏం జరిగిందో వరుసగా రాయించండి. ‘ఎవరు చేశారు’ అన్న ప్రశ్న పక్కనపెట్టి, ‘ఏ దశలో దీనిని ఆపగలిగి ఉండేవాళ్లం’ అని అడగండి. గూగుల్ వంటి సంస్థలు పెద్ద అంతరాయం కలిగినప్పుడు నిందలకు తావులేని ఇలాంటి సమీక్ష జరిపి, దానిని రాతలో ఉంచుతాయి.

మీరు రాసినదాన్ని బట్టి, మార్పును నేరుగా వాడుకలో ఉన్న సర్వరు మీదనే ప్రయత్నించినట్లుంది. పరీక్షించి చూసుకోవడానికి వేరే సర్వరు, పాత స్థితికి వెంటనే తిరిగి వెళ్లడానికి బ్యాకప్ సమకూర్చడం యాజమాన్యం బాధ్యత. వాటికయ్యే ఖర్చు ఆగిన లోడుల నష్టంతో పోల్చుకోండి. ఆ సౌకర్యాలు ఉండి కూడా ఎవరైనా తెలిసి తెలిసి దాటవేస్తే, అప్పుడు మందలించడంలో తప్పులేదు.

ప్రశ్న: చురుకైనవాళ్లు రెండేళ్లు కాకముందే చెన్నై, బెంగళూరు వెళ్లిపోతున్నారు. అంత జీతాలు మేము ఇవ్వలేము.
— ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: జీతం లోటును మెచ్చుకోళ్లతో పూడ్చలేమమ్మా, కొందరు వెళ్తారు. కాని పెద్ద సంస్థలో కొత్తగా చేరినవారికి సాధారణంగా దొరకనిది మీరు ఇవ్వగలరు: ఒక సమస్యను మొదటి నుంచి చివరి దాకా తామే పరిష్కరించి, దానిని వాడుతున్న మనిషి మాటను నేరుగా వినే అవకాశం. చేసిన మెరుగుదలను బృందం పేరుతో కాక, చేసినవారి పేరుతోనే అందరి ముందూ చెప్పండి. వెళ్లేవారు తమ పనిని వివరంగా రాసి అప్పగించేలా ముందు నుంచే అలవాటు చేయించండి; లేకపోతే వారితోపాటు ఆ పని వివరమంతా వెళ్లిపోతుంది.