బట్టల కింద దాచిన ప్యాకెట్

'మా ఆయనకు 50 ఏళ్లు. 28 ఏళ్లుగా సిగరెట్లు తాగేవారు. డాక్టర్ గట్టిగా చెప్పడంతో తొమ్మిది రోజుల కిందట మానేశారు. అప్పట్నుంచి అయినదానికీ కానిదానికీ మండిపడుతున్నారు. మొన్న కాఫీ చల్లారిందని గ్లాసు గోడకేసి కొట్టారు. ఒక్కసారిగా మానితే గుండెకు ప్రమాదమని మా అత్తగారి టెన్షన్. ఎందుకైనా మంచిదని ఒక ప్యాకెట్ కొని నా బట్టల కింద దాచాను. రోజుకు రెండు ఇవ్వమంటారా?'

వద్దమ్మా. ఒక్కటీ వద్దు. మానినందుకు గుండె దెబ్బతినదు. చివరి సిగరెట్ ఆర్పిన 20 నిమిషాలకే గుండె వేగం తగ్గడం మొదలవుతుంది. ఏడాది నిలబడితే గుండెజబ్బు ముప్పు, తాగేవాళ్లకున్న దాంట్లో సగానికి పడిపోతుంది. బ్రిటన్ డాక్టర్లను 50 ఏళ్లపాటు గమనించి 2004లో వెలువరించిన అధ్యయనంలో, 50వ ఏట మానినవాళ్లకు దాదాపు ఆరేళ్ల ఆయుష్షు కలిసొచ్చింది. మీ ఆయనది సరిగ్గా అదే వయసు. అత్తగారితో వాదించకండి, ఈసారి డాక్టర్ దగ్గరికి ఆవిడనూ వెంటబెట్టుకెళ్లండి. నికోటిన్ గమ్ లాంటివి వాడొచ్చేమో కూడా అక్కడే అడగండి.

ఇక అసలు సంగతి. గాజు ముక్కలు ఎవరు ఏరారో మీరు రాయలేదు. మీరే ఏరి ఉంటారు. నికోటిన్ అందకపోతే చిరాకు, నిద్రలేమి సహజం. మొదటి వారం మరీ ఎక్కువ, మూడు నాలుగు వారాల్లో చాలావరకు సర్దుకుంటుంది. గ్లాసు విసరడం మాత్రం ఆ లెక్కలోకి రాదు. ఆఫీసులో ఎవరి ముందైనా విసిరారా? ఇన్నేళ్లూ ఆయన కోపాన్ని సిగరెట్ అణిచిపెట్టింది, ఆ కోపానికి భయపడి మీరు బతికారు. ఇప్పుడు పొగ పోయింది, భయం బయటపడింది. ఆ ప్యాకెట్ కొన్నది ఆయన గుండె కోసం కాదు, మీ భయం కోసం. కోపం వచ్చినప్పుడల్లా భార్య సర్దుకుపోవడమే కాపురం అంటే నేను ఒప్పుకోను.

ఆయన నెమ్మదిగా ఉన్న పూట చూసి కూర్చోబెట్టి చెప్పండి: 'మీరు మానడం నాకెంతో సంతోషం. చిరాకొస్తే అలా నడిచి రండి. వస్తువు విసిరితే మాత్రం నేను ఆ గదిలో ఉండను.' అన్నమాట మీద నిలబడండి. చెయ్యే ఎత్తితే ఒక్క క్షణం ఆగకండి, మీవాళ్ల దగ్గరికి వెళ్లిపోండి. ఆ ప్యాకెట్ మాత్రం ఇవాళే నీళ్లలో నానబెట్టి పారేయండి. చాటుగా కాదు, ఆయన చూస్తుండగానే.