వీడియో కంటే ముందు అర్జీ

ప్రశ్న: మాది గజపతి జిల్లా కాశీనగరం. ఆటోలు బాగుచేస్తాను. ఘాటీలో లోడుతో ఆగిన బండి వెనక్కి జారకుండా వెనక డ్రమ్ము దగ్గర ఒక పళ్ల చక్రం, దానికి అడ్డుపడే నాలుక అమర్చాను. నాలుగు నెలలుగా మా తమ్ముడి బండి మీద ట్రయల్ చేస్తున్నాను. వీడియో తీసి వాట్సాప్‌లో పెడదామనుకుంటున్నా. పేటెంట్ వస్తుందా? ప్రాణాలు కాపాడే వస్తువుకి పేటెంట్ ఏంటని మా బావ అంటున్నాడు.

జవాబు: ముందు ఆ వీడియో పెట్టకండి. అర్జీ వేయకముందే లోకానికి చూపించిన పనిని పేటెంట్ ఆఫీసు కొత్తదిగా ఒప్పుకోదు. ఏడాదిలోపు, అవసరమైన ట్రయల్ కోసమే రోడ్డు మీద నడిపితే చట్టం కొంత వెసులుబాటు ఇస్తుంది. వీడియోకి ఆ వెసులుబాటు లేదు.

మాది పర్లాకిమిడి. మా నాన్న షెడ్డులో హబ్బు ఊడదీయడానికి సొంతంగా ఒక పుల్లర్ చేసుకున్నాడు. పాత కమాను పట్టీ కోసి, వేడి చేసి, సానబట్టి చేసింది. స్పేర్‌పార్టుల వ్యాపారి ఒకాయన చూసి ముచ్చటపడితే ఒకటి ఇచ్చాడు. మరుసటి ఏడు అదే పుల్లర్ రంగు డబ్బాలో మార్కెట్లోకి వచ్చింది. నాన్న దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూసి బల్ల మీద పెట్టేశాడు. ఆ రోజు మళ్లీ స్పానర్ పట్టలేదు. అందుకే మీ ఉత్తరం చూడగానే నాకు టెన్షన్ పట్టుకుంది.

ఇక మీ పని సంగతి. ఎత్తులో బండిని వెనక్కి జారకుండా ఆపడం కొత్త ఆలోచన కాదు, స్టూడ్‌బేకర్ కార్లకి 1936లోనే హిల్ హోల్డర్ వచ్చింది. పళ్ల చక్రం ఇంకా పాతది. మరి రివర్సు గేరు వేసినప్పుడు మీ నాలుక ఎలా లేస్తుంది? ఉత్తరంలో అది రాయలేదు. కొత్తదనం ఉంటే అక్కడే ఉంటుంది. బజాజ్, టీవీఎస్ గొడవ గుర్తుందా? ఒక సిలిండర్‌కి రెండు స్పార్క్ ప్లగ్గులు పెట్టడం అందరికీ తెలిసిందే. అయినా చిన్న ఇంజిన్లో తాము పెట్టిన తీరు కొత్తదని బజాజ్ పేటెంట్ తీసుకుంది. టీవీఎస్ ఫ్లేమ్ బండి మీద మొదలైన కేసు 2019లో గానీ రాజీకి రాలేదు. కోర్టులో ముఖ్యంగా నలిగింది క్లెయిములో, అంటే అర్జీలో 'ఇది నా కొత్తదనం' అని చెప్పుకునే భాగంలో, రాసిన మాటలే. కాబట్టి నాలుక లేచే తీరుని బొమ్మతో సహా విడమరిచి రాయండి.

ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) అర్జీ వేయండి. ఆన్‌లైన్లో మామూలు మనిషికి ఫీజు 1,600 రూపాయలు. పూర్తి వివరాలివ్వడానికి 12 నెలల గడువు. ఆఫీసు మీ అర్జీని పరీక్షించడానికి వేరే ఫీజు కట్టాలి. పేటెంట్ వస్తే అర్జీ వేసిన నాటి నుంచి 20 ఏళ్లు. ఒడిశా వాళ్లకి కోల్‌కతా ఆఫీసు, కానీ రైలెక్కక్కర్లేదు. రాయడం కష్టమైతే గాంధీనగర్‌లోని నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్‌ని అడగండి, సొంత బుర్రతో కనిపెట్టిన మీలాంటివాళ్లకి సాయం చేస్తుంది.

మీ బావగారిది మంచి మనసు. ఆయనకి ఇది చెప్పండి: మూడు చోట్ల బిగించే సీటు బెల్టుని 1959లో వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ తయారుచేశారు. కంపెనీ పేటెంట్ తీసుకుంది, తర్వాత అందరినీ వాడుకోనిచ్చింది. పేటెంట్ చేతిలో ఉంటే ఊరికే ఇవ్వాలా, డబ్బు తీసుకోవాలా అనేది మీ ఇష్టం. లేకపోతే ఆ మాట ఇంకొకరు చెబుతారు.

ఒక్క జాగ్రత్త. పేటెంట్ అంటే బండికి బిగించుకోమని అనుమతి కాదు. బ్రేకు దగ్గర మార్పులు మోటారు వాహనాల చట్టం కిందకి వస్తాయి. ఆ నాలుక మీద పడే బరువుని ఇంజనీరుతో లెక్క కట్టించేదాకా మీ తమ్ముణ్ణి లోడుతో ఘాటీ ఎక్కనివ్వకండి. చక్రానికి అడ్డుపెట్టడానికి క్లీనర్ కుర్రాడి చేతిలో రాయి కూడా అప్పటిదాకా ఉండనివ్వండి.