వయసు పైబడిందని రక్తం పలచబరిచే మందు తగ్గించవచ్చా?

ప్రశ్న: మా అమ్మగారికి 82 ఏళ్లు, బరువు 66 కిలోలు, రక్త పరీక్షలో మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ 1.1. గుండె లయ తప్పి కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే జబ్బు ఉన్నందున డాక్టరు గారు అపిక్సబాన్ 5 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండు పూటలా రాశారు. ఈమధ్య ఆమె చేతులపై కమిలిన మచ్చలు కనిపిస్తున్నాయి. మా మేనమామ గారు ఇదే జబ్బుకు రివరాక్సబాన్ తక్కువ మోతాదులో వాడుతున్నారు. అమ్మకు కూడా సగం మాత్ర చాలునని ఆయన అంటున్నారు. తగ్గించవచ్చా?

జవాబు: మీరు తెలిపిన వివరాలను బట్టి మీ అమ్మగారికి రాసిన మోతాదు సరైనదే. దయచేసి మీ అంతట మీరు తగ్గించకండి.

అపిక్సబాన్‌ను 2.5 మిల్లీగ్రాములకు తగ్గించడానికి స్పష్టమైన నియమం ఉంది. వయసు 80 లేదా అంతకు మించి ఉండడం, బరువు 60 కిలోలు లేదా అంతకు తక్కువ ఉండడం, క్రియాటినిన్ 1.5 లేదా అంతకు మించి ఉండడం అనే మూడింటిలో కనీసం రెండు ఉంటేనే సాధారణంగా మోతాదు తగ్గిస్తారు. మీ అమ్మగారి విషయంలో వయసు ఒక్కటే వర్తిస్తుంది. 2011లో వెలువడిన అరిస్టాటిల్ అధ్యయనంలో, రక్తం పలచబరిచే పాత మందు వార్ఫరిన్‌తో పోల్చి అపిక్సబాన్‌ను పరీక్షించినప్పుడు పాటించిన నియమం కూడా ఇదే. అందులో ఒక్క లక్షణమే ఉండి పూర్తి మోతాదు వాడినవారిని తరువాత విడిగా పరిశీలించినా, వార్ఫరిన్ కంటే ఈ మందే మేలని తేలింది.

మీ మేనమామ గారి మోతాదు తక్కువగా ఉన్నంత మాత్రాన అది మీ అమ్మగారికి కొలమానం కాదు, ఎందుకంటే రివరాక్సబాన్‌కు నియమం వేరు. అక్కడ చూడవలసింది మూత్రపిండాల వడపోత సామర్థ్యం. నిమిషానికి 50 మిల్లీలీటర్లకు మించి ఉంటే 20 మిల్లీగ్రాములు, 15 నుంచి 50 మధ్య ఉంటే 15 మిల్లీగ్రాములు రోజుకు ఒకసారి భోజనంతో ఇస్తారు. ఈ సామర్థ్యాన్ని క్రియాటినిన్ అంకె ఒక్కటే చూసి నిర్ణయించరు. 140లోంచి వయసు తీసివేసి, దానిని బరువుతో గుణించి, 72తో క్రియాటినిన్‌ను గుణించగా వచ్చిన అంకెతో భాగించి, స్త్రీలకైతే 0.85తో మళ్లీ గుణిస్తారు. మీ అమ్మగారికి ఈ లెక్క సుమారు 41 వస్తుంది. అంటే 1.1 అనే అంకె పైకి మామూలుగానే కనిపిస్తున్నా, ఆమె రివరాక్సబాన్ వాడి ఉంటే 15 మిల్లీగ్రాములే ఇవ్వవలసి వచ్చేది. అపిక్సబాన్ కాబట్టి పూర్తి మోతాదే ఇవ్వాలి. ఈ తేడా తెలియక ఒక మందు నియమాన్ని మరొక మందుకు వర్తింపజేయడం వల్లనే ఎందరికో అవసరమైన దానికంటే తక్కువ మోతాదు అందుతోంది.

రక్తస్రావం గురించి మీ భయం సహజమైనదే. అయితే నియమం లేకుండా మోతాదు తగ్గించినంత మాత్రాన రక్తస్రావం ముప్పు కచ్చితంగా తగ్గుతుందన్న భరోసా లేదు, పక్షవాతం నుంచి రక్షణ మాత్రం తగ్గే ప్రమాదం ఉంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవారిలో గుండె పై గదులు సరిగా ముడుచుకోక రక్తం నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకు చేరితే వచ్చే పక్షవాతం తరచుగా తీవ్రమైనదే అవుతుంది. పక్షవాతం వచ్చే అవకాశం ఈ జబ్బు వల్ల సుమారు అయిదు రెట్లు పెరుగుతుంది, వయసుతో మరింత పెరుగుతుంది. కాబట్టి వయసు మందు తగ్గించడానికి కారణం కంటే మందు తప్పక వాడడానికి కారణమే ఎక్కువ.

రక్తస్రావాన్ని తగ్గించే దారులు వేరే ఉన్నాయి. రక్తపోటు అదుపులో ఉందో లేదో చూడండి. కీళ్ల నొప్పులకు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు గానీ, ఎప్పుడో మొదలుపెట్టిన ఆస్పిరిన్ గానీ ఇంకా వాడుతుంటే ఆ సంగతి డాక్టరు గారికి తప్పక చెప్పండి. చాలామందిలో అసలు సమస్య అక్కడే దొరుకుతుంది. వయసు పైబడిన చర్మంపై చిన్న తాకిడికే మచ్చలు రావడం మామూలే అయినా, తదుపరి సందర్శనలో వాటిని చూపించండి. మలం నల్లగా రావడం, మూత్రంలో రక్తం కనిపించడం, గాయం కనిపించకపోయినా తలకు దెబ్బ తగలడం వంటివి జరిగితే మాత్రం వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ఇప్పుడు సరైన మోతాదు ఎప్పటికీ సరైనదిగానే ఉండకపోవచ్చు. ఆమె బరువు 60 కిలోలకు దిగినా, క్రియాటినిన్ 1.5కు చేరినా రెండో లక్షణం కలుస్తుంది, అప్పుడు 2.5 మిల్లీగ్రాములే తగిన మోతాదు అవుతుంది. ఆమె వయసును, మూత్రపిండాల స్థితిని బట్టి సుమారు నాలుగు నెలలకు ఒకసారి క్రియాటినిన్ పరీక్ష చేయించి, బరువు కూడా చూసి, ఆ రెండు అంకెలనూ డాక్టరు గారికి చూపించండి. వాంతులు, విరేచనాలతో నీరసించినప్పుడైతే అంతకంటే ముందే చేయించాలి.