యూరియా కలిపిన నీళ్లు ఎందుకు చల్లబడతాయి?

ప్రశ్న: ఉష్ణాన్ని గ్రహించే ప్రక్రియలు ఏవి? వేడిని తీసుకుంటే వేడెక్కాలి కదా, చల్లబడటమేంటి?

జవాబు: నెల్లూరు జిల్లాలో వరి పండించే ఊళ్లలో యూరియాకు వెతుక్కోనక్కర్లేదు. తాగడానికి వాడని పాత స్టీలు గ్లాసులో సగం నీళ్లు పోసి, నాలుగు చెంచాల యూరియా వేసి కలపండి. గ్లాసు చేతికి చల్లగా తగులుతుంది. గాలిలో తేమ ఎక్కువుంటే (మన తీరంలో ఎప్పుడు తక్కువ లెండి) బయటివైపు చెమట కూడా పడుతుంది.

యూరియా గుళికలో అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు విడిపించడానికి శక్తి కావాలి. అవి నీటితో కలిసినప్పుడు కొంత శక్తి తిరిగొస్తుంది కానీ, ఖర్చయినంత రాదు. ఆ లోటును నీటిలోని ఉష్ణమే పూడుస్తుంది. అందుకే ఉష్ణోగ్రత పడిపోతుంది.

మంచు కరగడమూ ఇంతే: 0 డిగ్రీల దగ్గర గ్రాముకు 80 కేలరీలు తీసుకుంటుంది, కరిగేదాకా ఉష్ణోగ్రత మాత్రం పెరగదు. నీరు 100 డిగ్రీల దగ్గర ఆవిరవ్వాలంటే గ్రాముకు 540 కేలరీలు కావాలి. ఇస్కపల్లి ఉప్పు మడుల్లో సముద్రపు నీరు మరగకుండానే ఆవిరవుతుంది, ఆ ఉష్ణమంతా ఎండదే. మధ్యలో వానొస్తే పనంతా నీళ్లపాలే!

రసాయన చర్యల్లో సున్నపురాయిని కాల్చడం మంచి ఉదాహరణ. సుమారు 900 డిగ్రీల వేడి ఇస్తూనే ఉండాలి, ఆపితే చర్య ఆగిపోతుంది.

పరీక్షలో ఒక్కటి చూసుకోండి: 'ఉష్ణగ్రాహక చర్య' అని అడిగితే సున్నపురాయి రాయండి, మంచు కరగడం రాయకండి. అది భౌతిక మార్పు.