టెక్ సందేహాలు: మైపాడు రోడ్డుకు ఏ వీల్స్ కొనాలి?

నాది వెనక ఎనిమిది గేర్లుండే షిమానో క్లారిస్ సెట్టు రోడ్ సైకిల్, రిమ్ బ్రేకులు (చక్రం అంచును పట్టేవి). నా బరువు 72 కిలోలు. ఆదివారాలు ఫ్రెండ్స్‌తో మైపాడు బీచ్ దాకా వెళ్లొస్తుంటాను. సగటు వేగం గంటకు 28 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోయింది. కొత్త వీల్స్ వేస్తే 31 వస్తుందని గ్రూపులో అంటున్నారు. 20 వేల లోపు ఏవి మంచివి? పేరులేని కార్బన్ వీల్స్ కూడా ఆ ధరకు కాస్త అటూ ఇటుగా దొరుకుతున్నాయి, తీసుకోవచ్చా?
– మాగుంట లేఅవుట్, నెల్లూరు

వీల్స్ మార్చినంత మాత్రాన మూడు కిలోమీటర్లు పెరగవండీ. మైపాడు దారి బల్లపరుపు. అక్కడ 28 వేగంలో మీరు పడే శ్రమలో సుమారు ముప్పాతిక వంతు గాలిని తోసుకుంటూ పోవడానికే ఖర్చవుతుంది. ఆ గాలి ఎక్కువగా తగిలేది మీ ఒంటికి, చక్రాలకు కాదు. పైగా వేగం పెరిగేకొద్దీ గాలికి పెట్టాల్సిన శక్తి వేగం ఘనం లెక్కన పెరుగుతుంది. 28 నుంచి 31కి వెళ్లాలంటే ఆ పద్దు కింద ఇప్పుడు పెడుతున్నదానికి మూడో వంతు కంటే ఎక్కువే కలపాలి. 20 వేల వీల్స్ ఏవీ అంత ఇవ్వవు. మోచేతులు వంచి, హ్యాండిల్ కింది వంపులు పట్టుకుని తొక్కితే మాత్రం అందులో కొంత ఉచితంగా వస్తుంది. మే, జూన్‌లలో మైపాడు నుంచి తిరిగొచ్చేటప్పుడు పడమటి గాలి ఎదురైతే ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక బరువు సంగతి. తక్కువ ధర సైకిళ్లకు వచ్చే వీల్స్ జత సాధారణంగా రెండు కిలోలు దాటుతుంది. షిమానో ఆర్‌ఎస్100 లాంటివి 1,900 గ్రాముల దగ్గర ఉంటాయి. మీరు, సైకిల్, నీళ్ల సీసా కలిపి 83 కిలోలు అనుకుంటే, 300 గ్రాములు తగ్గితే అర శాతం కూడా కాదు. చక్రంలో తగ్గిన గ్రాము రెండు గ్రాములతో సమానమనే మాట వేగం అందుకునే కాసేపే వర్తిస్తుంది. ఒకే వేగంతో సాగిపోతున్నప్పుడు దానికి అర్థం లేదు. ఆ 300 గ్రాముల కోసం వేలు పోయాలా అన్నది మీ ఇష్టం. నేనైతే పోయను.

నా సలహా: ముందు టైర్లు మార్చండి. సైకిల్‌తో వచ్చిన గట్టి టైర్లు తీసి మంచి రకం వేస్తే తేడా మొదటి రోజే తెలుస్తుంది. బ్రేకుకూ ఫ్రేముకూ మధ్య చోటుంటే 25 మిల్లీమీటర్ల వెడల్పు టైరు బదులు 28 వేయండి. కొనేముందు ఇప్పటి టైరుకు రెండు పక్కలా, పైనా ఎంత ఖాళీ ఉందో కొలవండి. కొత్తది ఎక్కాక కూడా నాలుగు మిల్లీమీటర్లు మిగలాలి. గాలి వంద పీఎస్ఐకి కొట్టే అలవాటుంటే మానుకోండి. మీ బరువుకి 28 టైరులో వెనక 75-80, ముందు 70 పీఎస్ఐతో మొదలుపెట్టి చూడండి. మన గతుకుల రోడ్ల మీద మరీ గట్టిగా కొట్టిన టైరు ఎగిరెగిరి పడుతుందే తప్ప వేగం ఇవ్వదు.

ఇప్పుడున్న వీల్ నెలకోసారి బెండ్ తీయించాల్సి వస్తోందా? ఇరుసు తిప్పితే గరగరమంటోందా? అప్పుడు వీల్స్ కొనడంలో న్యాయముంది. రిమ్ బ్రేకు రోడ్ సైకిల్‌కి వెనక హబ్ (చక్రం నడిమి భాగం) వెడల్పు 130 మిల్లీమీటర్లు ఉండాలి. 135 దాన్ని ఫ్రేము సాగదీసి దూర్చే షాపు కనిపిస్తే అక్కడి నుంచి వచ్చేయండి. 11 గేర్ల షిమానో ఫ్రీహబ్ (గేర్ల చక్రాలు ఎక్కించే భాగం) ఉన్న వీల్‌కి మీ ఎనిమిది గేర్ల క్యాసెట్ (ఆ గేర్ల చక్రాల కట్ట) పడుతుంది, వెనకాల 1.85 మిల్లీమీటర్ల స్పేసర్ రింగు వేయించాలి, అంతే. ఏడు గేర్ల సైకిళ్ల వాళ్లు మాత్రం జాగ్రత్త. వాటిలో చాలావాటికి ఉండేది మర తిప్పి బిగించే ఫ్రీవీల్. అది ఈ కొత్త హబ్‌ల మీదికి ఎక్కదు కాబట్టి క్యాసెట్ కూడా కొనాల్సి వస్తుంది. రిమ్ము లోపలి వెడల్పు 17 నుంచి 19 మిల్లీమీటర్లు చాలు. అంచుకు లోపలి కొక్కెం లేని హుక్‌లెస్ రిమ్ములు చవకగా వచ్చినా వద్దు. వాటికి ట్యూబ్‌లెస్ రకం టైర్లే వాడాలి, గాలి 72.5 పీఎస్ఐ దాటకూడదు. రోజూ పంపు కొట్టే చేతికి అది గుర్తుండదు.

అన్నిటికన్నా ముఖ్యం పుల్లలు (స్పోక్స్). వీల్‌కి 28 లేదా 32 మామూలు పుల్లలు, హబ్ దగ్గర కొస వంగి ఉండేవి, ఉన్నవి తీసుకోండి. 20 చప్పటి పుల్లల వీల్ ఫొటోలో బాగుంటుంది. ఒక్క పుల్ల తెగితే చక్రం వంకరపోయి బ్రేకుకు రాసుకుంటుంది, ఆ రకం పుల్ల నెల్లూరులో దొరక్కపోతే చెన్నై నుంచి వచ్చేదాకా సైకిల్ గోడకు ఆనించి ఉంటుంది. కొన్నప్పుడే నాలుగైదు పుల్లలు అదనంగా అడిగి తీసుకోండి. వెనక చక్రంలో గేర్ల వైపు పుల్లలు రెండో వైపు కంటే కాస్త పొట్టి, కాబట్టి రెండు సైజులూ కావాలి.

పేరులేని కార్బన్? రిమ్ బ్రేకుతో వద్దే వద్దు. బ్రేకు వేడికి రిమ్ము మీది రెసిన్ తట్టుకోవాలి, దానికి తగ్గ ప్యాడ్లు వేరే ఉండాలి. రెండిటికీ జవాబుదారీ లేని సరుకు మీద 40 వేగంలో ప్రాణం పెట్టలేం.

డిస్క్ బ్రేకు సైకిల్‌కి సెకండ్ హ్యాండ్ వీల్స్ చూస్తున్నాను. నా డిస్కులు ఆరు బోల్టులవి, ఆ వీల్స్ సెంటర్‌లాక్. పనికొస్తాయా?
– ఒంగోలు

వస్తాయి. సెంటర్‌లాక్ (బోల్టులు లేకుండా ఒకే రింగుతో డిస్కు బిగించే) హబ్ మీద ఆరు బోల్టుల డిస్కు బిగించడానికి అడాప్టర్ దొరుకుతుంది. తిరగేస్తే కుదరదు, అంటే ఆరు బోల్టుల హబ్‌కి సెంటర్‌లాక్ డిస్కు ఎక్కదు. అంతకన్నా ముందు ఇరుసు చూసుకోండి. వెనక త్రూ యాక్సిల్ (మర తిప్పి బిగించే లావు ఇరుసు) అయితే 142 బై 12, క్విక్ రిలీజ్ (మీట తిప్పి వదులు చేసే సన్న ఇరుసు) అయితే 135 మిల్లీమీటర్లు. కొత్తపట్నం వైపు తిరిగిన సైకిల్ నుంచి తీసిన వీల్స్ అయితే నిపుల్స్ (పుల్లలను రిమ్ముకు బిగించే చిన్న నట్లు) దగ్గర తెల్లటి పొడి ఉందేమో గమనించండి. ఉప్పుగాలికి అల్యూమినియం నిపుల్స్ లోపలే తినుకుపోతాయి, బెండ్ తీయబోతే విరుగుతాయి.

చిల్లచెట్ల ముళ్లతో విసిగిపోయాను. ట్యూబ్‌లెస్‌కి మారాలా?
– కావలి

రిమ్ములు, టైర్లు ట్యూబ్‌లెస్ రకమైతే మారండి. చిల్లచెట్టు, అంటే సర్కారు తుమ్మ, ముల్లు చేసే సన్నటి రంధ్రాన్ని టైరులో పోసే సీలెంట్ ద్రవం చాలావరకు మూసేస్తుంది. కానీ మన ఎండలకు సీలెంట్ ఎండిపోతుంది. రెండు మూడు నెలలకోసారి చూసి పోయాలి, వేసవిలో ఇంకా ముందే. అంత ఓపిక లేకపోతే ట్యూబులతోనే ఉండి, ముల్లు తట్టుకునే పొర ఉన్న టైరు వేసుకోండి, కాస్త బరువైనా సరే. పంచరైన ప్రతిసారీ టైరు లోపల దూది ఉండ తిప్పండి. విరిగిన ముల్లు మొన ఎక్కడుంటే అక్కడ దూది పట్టుకుంటుంది. కొత్త ట్యూబు వేసిన పది నిమిషాలకే మళ్లీ గాలి పోతోందంటే, చాలాసార్లు ఆ మొనే కారణం.

టైర్లు 25 నుంచి 28కి మార్చాక సైకిల్ కంప్యూటర్, ఫోన్ యాప్ వేరే వేరే వేగాలు చూపిస్తున్నాయి. ఏది నమ్మాలి?
– కనిగిరి

కంప్యూటర్‌లో చక్రం చుట్టుకొలత మార్చలేదన్నమాట. మీ సెన్సర్ అయస్కాంతంతో చక్రం తిరిగిన చుట్లు లెక్కపెట్టే రకమైతే, సెట్టింగ్స్‌లో 25 టైరుకు ఉన్న 2105ని 2136 చేయండి. ఇది మిల్లీమీటర్లలో ఉండే సంఖ్య. మార్చకపోతే అది దాదాపు ఒకటిన్నర శాతం తక్కువ చూపిస్తూనే ఉంటుంది. ఇంకా కచ్చితంగా కావాలంటే టైరు మీద సుద్దతో గీత గీసి, సైకిల్ మీద కూర్చుని ఒక చుట్టు నడిపించి, నేల మీద రెండు గుర్తుల మధ్య దూరం టేపుతో కొలిచి అదే ఎక్కించండి. జీపీఎస్ యాప్ సగటు వేగానికి ఫర్వాలేదు. చెట్ల కింద, వంతెనల దగ్గర అప్పటికప్పుడు చూపించే అంకె మాత్రం అటూ ఇటూ ఊగుతుంది.