బయో మందుల షాపు పెట్టేముందు

చిరంజీవికి ఆశీస్సులు.

పంటల పురుగులకు, తెగుళ్లకు వాడే బయో మందుల డీలర్‌షిప్ తీసుకుంటున్నావని తెలిసింది. తీసుకో, గిరాకీ ఉంది. రసాయన మందుల అవశేషాలు దొరికితే ఎగుమతి సరుకు వెనక్కొస్తోంది, పాత మందులకు పురుగు లొంగడం లేదు. 2012లోనే పెద్ద రసాయన కంపెనీలైన బేయర్, బీఏఎస్ఎఫ్ ఈ బయో రంగంలోని ఆగ్రాక్వెస్ట్‌ను, బెకర్ అండర్‌వుడ్‌ను కొనేశాయి. గాలి ఎటు మళ్లుతోందో రసాయనాలు అమ్మేవాళ్లే ముందు పసిగట్టారన్నమాట. కానీ కెమికల్ అమ్మినట్టే దీన్నీ అమ్మితే మొదటి సీజన్‌లోనే నీ పేరు పోతుంది.

ఈ ప్యాకెట్లలో చాలావాటిలో ఉన్నది ప్రాణం. ట్రైకోడెర్మా (తెగుళ్లను ఆపే శిలీంధ్రం), బవేరియా (పురుగును చంపే శిలీంధ్రం), సూడోమోనాస్ (తెగుళ్లను ఆపే బాక్టీరియా)లను ఎండాకాలం రేకుల షెడ్డులో పెడితే, గడువు ఇంకా 6 నెలలున్నా లోపల మిగిలేది ఉత్త పొడే. చల్లగా, నీడలో ఉంచు. కంపెనీవాళ్లు ఎంత డిస్కౌంటిచ్చినా ఒక సీజన్‌కు మించి తెప్పించకు. గ్రాముకు ఎన్ని సీఎఫ్‌యూలో, అంటే బతికున్న సూక్ష్మజీవులెన్నో, లేబుల్ మీద చూడు, అప్పుడప్పుడూ ఒక ప్యాకెట్ ల్యాబుకు పంపు.

రైతుకు ముందే చెప్పాల్సింది రెండో రోజు సంగతి. బీటీ అనే బాక్టీరియా మందు కొట్టిన మర్నాడు కూడా పురుగు ఆకు మీద బతికే కనిపిస్తుంది. మందు పనిచెయ్యలేదని నిన్ను నిలదీస్తాడు. పురుగును కాదు, ఆకును చూడమను. కొత్తగా కొరికిన అంచులుండవు, కింద తాజా పెంటికలుండవు. మందు పొట్టలోకి వెళ్లాక, క్షార గుణమున్న పేగులో దాని స్ఫటికాలు కరిగి, పేగు గోడకు చిల్లులు పడతాయి. మేత కొన్ని గంటల్లోనే ఆగుతుంది, చావడానికి మాత్రం 2 నుంచి 5 రోజులు పడుతుంది. బాగా బలిసిన లద్దె మీదికి బీటీ ఇచ్చావంటే తప్పు నీదే. పిల్ల పురుగులు ఆకును గోకుతున్నప్పుడే అమ్ము. పక్కన మల్బరీ తోట ఉంటే అసలు వద్దను. 1901లో జపాన్‌లో ఈ బాక్టీరియా మొదట బయటపడిందే చస్తున్న పట్టుపురుగుల్లో.

పురుగుకు రోగం తెచ్చే వైరస్ మందు ఎన్‌పీవీ మరీ పట్టింపు మనిషి లాంటిది. శనగపచ్చ పురుగు వైరస్ పొగాకు లద్దె జోలికే పోదు. కాబట్టి పురుగును చూడకుండా సీసా ఇవ్వకు, ఫోన్‌లో ఫొటో అయినా సరే. ఎండకు వైరస్ చెడిపోతుంది, సాయంత్రమే కొట్టించు. పనిచేస్తే పురుగులు కొమ్మ చివరికెక్కి, తలకిందులుగా వేలాడుతూ కారిపోతుంటాయి.

బవేరియాకు గాలిలో తేమ కావాలి, వడగాడ్పుల్లో దండగ. అది శిలీంధ్రమే కనుక తెగుళ్ల మందుతో ఒకే ట్యాంకులో కలిపితే చస్తుంది. ముందు రోజు తెగుళ్ల మందు కొట్టిన ట్యాంకును కడక్కపోయినా అంతే. సూడోమోనాస్‌కు రాగి మందులు పడవు.

ట్రైకోడెర్మాను మొక్క వాడిపోయాక అడుగుతారు, అప్పుడు పోసినా లాభం లేదు. 2 కిలోల పొడిని 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో కలిపించు. పిడికిట పిసికితే ముద్ద కావాలి, నీళ్లు కారకూడదు. నీడలో గోనెలు కప్పి, మధ్యలో ఒకసారి తిరగేసి, వారం పది రోజులకు దుక్కిలో వేయించు. పచ్చి పేడలో కలిపితే ఆ వేడికే పోతుంది.

వేపమందు 1500 పీపీఎం (మందు గాఢత, లేబుల్ మీద ఉంటుంది)దైతే లీటరు నీళ్లకు 5 మి.లీ. కలిపింది ఆ పూటే కొట్టెయ్యాలి, మర్నాటికి దాచకూడదు.

ఇక దొంగ సరుకు. జీవ శిలీంధ్రమని రాసున్న సీసా కొట్టిన గంటలో పురుగులు రాలిపోయాయంటే లోపల కెమికల్ ఉందనుకో. చిక్కేమిటంటే, జోరుగా అమ్ముడయ్యేది అదే! అవశేషాల పరీక్షలో పట్టుబడేది మాత్రం రైతు పంట. రిజిస్ట్రేషన్ నంబరు లేనిదాన్ని షాపు గడప తొక్కనివ్వకు.

పురుగు చేనంతా పాకాక వచ్చినవాడికి బయోతో ఇప్పుడు ఆగదని మొహం మీదే చెప్పు. మిగతావాళ్ల బిల్లు మీద బ్యాచ్ నంబరు, పంట, పిచికారీ తేదీ రాసుకో. నాలుగో రోజున నువ్వే ఫోన్ చెయ్యి.